గేర్‌బాక్స్ చల్లారేదాకా

నా చిన్నప్పుడు నన్ను అన్నిటికంటే భయపెట్టింది ఈల. తోటిపిల్లలు దయ్యాలకూ చీకటికీ జడుసుకునేవాళ్ళు, నేను మాత్రం ఈలకు. మా నాన్న సినిమాల్లో హీరోలకు డూపుగా మోటారు సైకిల్ నడిపేవాడు. షూటింగులో ఈల మోగిందంటే నాన్న ప్రాణం మీదికి తెచ్చుకోబోతున్నాడని నా లెక్క. వీధిలో గూర్ఖా ఈల వేసినా, పరుగెత్తి నాన్న ఇంట్లో ఉన్నాడో లేడో చూసుకునేదాన్ని.

మేము తెనాలి వైపు నుంచి వచ్చి ఫిల్మ్‌నగర్‌లో రెండు గదుల వాటాలో ఉండేవాళ్ళం. అమ్మకు తమ్ముడైన మా మావయ్య మాతోనే ఉంటూ షూటింగుల్లో కార్లు నడిపేవాడు. ఆయనకు ఒక పిచ్చి ఉండేది. ఆదివారం పొద్దున్నే జూబ్లీ హిల్స్‌లో ఇంకా ఇళ్ళు లేని రోడ్డు మీద, బండరాళ్ళ మధ్య, తోటి డ్రైవర్లతో కార్ల పందెం వేసేవాడు. నిలబడ్డ చోటు నుంచి తిన్నగా దూసుకెళ్ళడమే పందెం. అయితే ముందు చేరినవాడు గెలిచినట్టు కాదు. ఎంతసేపట్లో చేరతానని చెప్పాడో, ప్రతిసారీ అంతసేపట్లోనే చేరినవాడు గెలిచినట్టు. అమ్మ దృష్టిలో అదంతా పనిలేని వాళ్ళ పని. నాకూ అలాగే అనిపించేది, ఆ వేసవి రోజు వచ్చేదాకా.

ఆ రోజు అమ్మ నా చేతికి భోజనం క్యారియర్ ఇచ్చి, షూటింగు వ్యానులో నన్ను నాన్న, మావయ్యల దగ్గరికి పంపింది. జూబ్లీ హిల్స్‌లో ఒక కూడలి దగ్గర షూటింగు. ఈల మోగగానే పెద్ద రోడ్డు మీద మావయ్య కారు, పక్క సందులోంచి నాన్న మోటారు సైకిల్ ఒకేసారి బయల్దేరాలి. కారు కూడలి దాటీ దాటగానే దాని వెనకనుంచి నాన్న అడ్డంగా దూసుకుపోవాలి. సందుకు రెండు వైపులా ఎత్తైన గోడలు, ఒకరికొకరు కనబడరు. కారు ఏ కాస్త ఆలస్యంగా వచ్చినా నాన్న వెళ్ళి దానికి గుద్దుకుంటాడు. ఇదంతా నాకు విడమరిచి చెప్పింది నాన్నే, అదేదో వినోదమైనట్టు. ఆ తర్వాత నాకు ముద్ద దిగలేదు.

ఆ కారు నిర్మాతగారిది, గేర్లు వాటంతటవే మారే విదేశీ బండి. గేర్‌బాక్స్ బాగా వేడెక్కితే లోపలి ఆయిల్ పలచబడి, ఇంజను ఎంత అరిచినా బండి వెంటనే కదలదు. మరీ చల్లగా ఉన్నా తేడాయే. ఆదివారం పందేల్లో మావయ్య నేర్చుకున్నదంతా ఇదే. అందుకే ప్రతి షాటుకూ ముందు బానెట్ ఎత్తి, ఇంజనును ఊరికే తిరగనిచ్చి, కాసేపు ఆగేవాడు. గేర్‌బాక్స్ ఆయిల్ చూసే ఇనప పుల్ల బయటికి లాగి ఆయిల్ చుక్క ముంజేతి మీద వేసుకుని చూసుకునేవాడు. మొదటి షాటప్పుడు ఉన్నంత వేడే ఉందనిపిస్తేనే స్టీరింగ్ ముందు కూర్చునేవాడు.

షాటు మీద షాటు పోయింది. ఒకసారి కెమెరా మొరాయించింది, ఒకసారి ఎవరో అడ్డం వచ్చారు. ఎండ వాలిపోతోందని డైరెక్టరు కేకలు మొదలుపెట్టాడు. ఆ హడావుడిలో మావయ్యను ఆగనివ్వలేదు. ఈల మోగింది. కారు గట్టిగా అరిచింది గానీ కదలడానికి తటపటాయించింది. నేను బండ మీద నిలబడి చూస్తున్నాను. నాన్న సందులోంచి వచ్చేసరికి కారు ఇంకా కూడలిలోనే ఉంది. నాన్న బండిని ఎలా వంచాడో తెలియదు. వెనక బంపరుకు ఇనుము రాసుకున్న చప్పుడు నా పళ్ళలో వినిపించింది. నాన్న పడలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను బండ దిగి కారు దగ్గరికి పరుగెత్తాను.

దుమ్ము కమ్మి ఆ షాటూ పాడైందన్నారు. మళ్ళీ తియ్యాలి. మావయ్య బానెట్ ఎత్తి, ఆగాలన్నాడు. ప్రొడక్షన్ మేనేజరు ఆగలేకపోయాడు. బకెట్టు తెప్పించి, కారు కిందికి వంగి, గేర్‌బాక్స్ మీద నీళ్ళు చల్లాడు.

"గిప్పుడు చల్లగైందన్నా. పట్టి చూడు. జర జల్ది కానీ, ఎండ పోతుంది."

మావయ్య పట్టి చూశాడు. నన్నూ చూడమన్నాడు. నిజంగానే చల్లగా ఉంది. తర్వాత పుల్ల లాగి నా ముక్కు దగ్గర పెట్టాడు. మాడిన వాసన. ఆయిల్ ఇంకా పొగలు కక్కుతోంది. "పైన చల్లబడిందమ్మా, లోపల కాదు," అన్నాడు.

నాన్నకు కోపం వచ్చింది. తర్వాతి సినిమాకు పిలవరని ఆయన భయం. "నేను బాగానే ఉన్నాను, కానిద్దాం పద," అన్నాడు. ఆయన ముఖంలో ఎక్కడా బెదురు లేదు. మావయ్య ఒక గ్లాసు నిండా టీ పోసి ఇచ్చాడు. నాన్న దాన్ని పెదవుల దాకా తీసుకెళ్ళలేకపోయాడు. చొక్కా మీదంతా ఒలికింది.

"మీరూ చల్లారలేదు బావా. కూర్చోండి."

నాన్న నా పక్కన బండ మీద కూర్చున్నాడు. ఆయన చెయ్యి నా చేతిలో వణుకుతూనే ఉంది. నాన్నకు కూడా భయం వేస్తుందని నాకు అప్పుడు తెలిసింది. డైరెక్టరు తిట్టాడు, మేనేజరు వాచీ చూపించాడు, మావయ్య బానెట్ దగ్గరనుంచి కదల్లేదు. ఆ చెయ్యి మెల్లగా నిలకడైంది. రెండో గ్లాసు ఒలకలేదు. ఆ తర్వాతే మావయ్య పుల్ల లాగి చూసి, తల ఊపాడు.

ఈల మోగినప్పుడు నేను కళ్ళు మూసుకున్నాను. కారు వెళ్ళిన చప్పుడు, ఒక చిన్న ఖాళీ, ఆ వెనక మోటారు సైకిల్. ఆ ఖాళీ కోసమే మావయ్య అన్ని తిట్లు తిన్నాడు.

నా భయం పోలేదు, ఈ వయసులోనూ ఈల వింటే ఉలిక్కిపడతాను. నా ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టే ముందు, కూతురితో తగువు పడి ఫోను అందుకోబోయే ముందు, నేను ఒక గ్లాసు నిండా టీ పోసుకుంటాను. ఒలికితే కూర్చుంటాను. అవతలివాళ్ళు విసుక్కుంటారు, విసుక్కోనీ. ఆ సాయంత్రం క్యారియర్ ఊపుకుంటూ నేను ఇంటికి నడిచాను, పక్కన టీ మరకల చొక్కాతో మా నాన్న ఉన్నాడు.