కుడిచెవిలో నాయన మాట

దయ్యాల కథలు ఎవరైనా మొదలుపెడితే మధ్యలో లేచిపోయే రకం నేను. కార్వేటినగరంలో పాత కోట గోడల పక్క సందులోనే పెరిగాను. మాపటేళ ఆ గోడల వెంట పోవడానికి మా వీధి పిల్లలు జంకితే, ఒక్కదాన్నే పోయి వచ్చేదాన్ని. ఇప్పటికీ నాకు అలాంటి నమ్మకాలు లేవు. అందుకే ఈ సంగతి నన్నింత ఇబ్బంది పెడుతోంది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో తిరుపతిలో మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ పనిలో చేరాను. అమెరికా డాక్టర్లు రోగుల గురించి చెప్పిన మాటల్ని కంప్యూటర్లో విని టైపు చేయాలి. తలకు హెడ్‌ఫోన్లు, కాలి కింద పెడల్. తొక్కితే మాట నడుస్తుంది, వదిలితే ఆగుతుంది. వాళ్లేమో గొణుగుతారు, కిటికీ బయట జనరేటర్ మోత. సౌండు బాగా పెంచితే తప్ప అర్థమయ్యేది కాదు. నా హెడ్‌ఫోన్లో ఎడమవైపు పలికేది కాదు. భారమంతా కుడిచెవే మోసింది.

కొన్నాళ్లకు ఆ చెవిలో ఒకటే హోరు. పడుకున్నా ఆగేది కాదు. అలసట అనుకున్నాను. అక్కడ అందరికీ ఏదో ఒకటి ఉండేది. ఒకమ్మాయికి మణికట్టు నొప్పి, ఇంకొకరికి కళ్లలో నీళ్లు.

నాయన అప్పుడప్పుడు నన్ను చూడ్డానికి బస్సులో వచ్చేవాడు. ఆఫీసు ఎదురుగా టీ అంగడి బల్ల మీద, ఎప్పుడూ నా కుడిపక్కనే కూర్చునేవాడు. మొదటి నుంచీ మెల్లగా మాట్లాడే మనిషి. వయసుతో గొంతు ఇంకా తగ్గిందనుకున్నాను గానీ, తగ్గుతున్నది నా వినికిడి అని తెలియలేదు. "ఏంది నాయనా?" అని రెండుసార్లు అడిగి, మూడోసారి ఊరికే తలూపేదాన్ని. రాన్రానూ ఆయనా మాటలు తగ్గించేశాడు.

చివరికి చెవి డాక్టరు పరీక్ష చేసి, కుడిచెవి నరం దెబ్బతినిందనీ, ఇక బాగుపడదనీ చెప్పాడు. ఈసారి నాయన వస్తే ఎడమపక్క కూర్చోబెట్టుకోవాలనుకున్నాను. ఆయన రాలేదు. పొలంలోనే గుండె ఆగి పోయాడు.

కర్మాంతరాలు అయిపోయి చుట్టాలు వెళ్లిపోయారు. మిట్టమధ్యాహ్నం ఊళ్లో మా వంటింట్లో చింతపండు పిసుకుతున్నాను. ఉన్నట్టుండి కుడిచెవిలో హోరు ఆగిపోయింది. ఆ నిశ్శబ్దానికే పిసకడం ఆపేశాను. వెంటనే నాయన గొంతు, పక్కన కూర్చుని చెప్పినట్టు.

"కర్రావు ఈనింది అమ్మణ్ణీ. పెయ్యదూడ. నీ పేరే పెట్టినాను."

అంతే. మళ్లీ హోరు మొదలైంది.

పెరట్లో అంట్లు తోముతున్న అమ్మ దగ్గరికి పోయి, మన ఆవుకు పెయ్యదూడ పుట్టిందా అని అడిగాను. అమ్మ తోమడం ఆపింది.

"నీకెవరు చెప్పినారు?"

జరిగింది చెప్పాను. అమ్మ చేతులు కడుక్కుంటూ చెప్పింది.

"పోయినేడు పుట్టింది. నాయన మురిసిపోయి నీ పేరు పెట్టినాడు. వారం బతకలా. పేరు నీది గదా, నీ చెవిన పడగూడదని నేనే అందరి నోర్లూ మూయించినా. అయితే అది పుట్టినప్పుడే నాయన తిరపతికి పొయ్యి నీకు చెప్పినాడంట. 'ఏమనింది?' అని అడిగినా. 'ఏమీ అనలా, తలూపింది' అన్నాడు."

ఆ తలూపడం నాకు గుర్తులేదు. అలా ఎన్ని మాటలకు ఊపానో!

తర్వాత డాక్టరు మళ్లీ పరీక్ష చేశాడు. ఏ మార్పూ లేదు. పాడైన చెవిలో లేని శబ్దాలు వినపడడం మామూలే అన్నాడు. మరి నాకు తెలియని మాట ఎట్లా వినపడిందని అడిగితే, ఆ పొద్దు టీ అంగడిలో సగం విన్నది మనసులో ఉండిపోయిందేమో అన్నాడు. అయుండొచ్చు. కానీ ఆ గొంతు విన్నది నేను. జ్ఞాపకం అలా పక్కన కూర్చుని మాట్లాడదు. ఇంతకు మించి నాకేమీ తెలియదు. మళ్లీ ఎప్పుడూ వినపడలేదు.

ఆ రోజు దూడ సంగతి చెప్పాక అమ్మ ఇంకొక్కటే అడిగింది. "ఇంకేమన్నా అన్నాడా?"

లేదన్నాను. చేతులు కొంగుకు తుడుచుకుని దగ్గరికొచ్చి, నా కుడిచెవికి తన చెవి ఆనించింది. పొయ్యి మీద అన్నం మాడిన వాసన వచ్చేదాకా ఇద్దరం కదల్లేదు.