ఫ్యాక్టరీ కూతే మా శ్రుతి

బోధన్‌లో మా ఆడపిల్లల హైస్కూలుకు సంగీతం టీచరైతే ఉండె గానీ శ్రుతిపెట్టె లేకుండె. మధ్యాహ్నం చక్కెర ఫ్యాక్టరీ కూత పెట్టంగనే టీచర్ చెయ్యి లేపేది. మేమంతా ఆ కూతనే శ్రుతిగా పట్టుకొని పాట ఎత్తుకునేటోళ్లం. ఆ శ్రుతికి నిజాంసాగర్ కాలువల్లో చేపలు సుత తలలూపుతయని నేను చెప్తే, చిన్న తరగతుల పిల్లలు నమ్మి చూడబోయిండ్రు గూడ.

ఫ్యాక్టరీ మూతపడి ఏండ్లయింది. అయినా మధ్యాహ్నమైతే నా చెవులు ఆ కూతకు ఎదురుచూస్తనే ఉంటయి.

మొన్న పాత విద్యార్థినులమంతా బడిలో కలిసినం. టీచర్‌కు జుట్టంతా నెరిసింది. "అందరు కలిసి ఒక్క పాట పాడండే, మళ్ల ఎప్పుడు వింటనో" అన్నది. ఒకామె ఫోన్ల తంబూర పెట్టింది. పాడినం గానీ ఎవరి గొంతు వాళ్లదే అయింది. టీచర్ తల దించుకున్నది.

నాకు పాణం ఆగలేదు. లేచి, నోటికి రెండు చేతులు అడ్డం పెట్టి, ఊపిరున్నంత సేపు ఫ్యాక్టరీ లెక్క కూసిన.

ఎవరూ నవ్వలేదు. టీచర్ కండ్లు మూసుకొని విన్నది.

"గంత పైకి లేకుండెనే, అబద్ధాల పోరీ! జరంత దించు."

దించిన. టీచర్ చెయ్యి లేచింది.