డ్రాయింగు మాస్టారి బొటనవేలు

సూళ్లూరుపేట బడిలో మాకు బొమ్మలు నేర్పిన మాస్టారి కుడి బొటనవేలు ఎప్పుడూ నల్లగా ఉండేది. మేం బొగ్గుతో గీసిన గీతను ఆ వేలితో తుడిచేసి, అక్కడ తన గీత గీసేవారు. ఆయనకు నచ్చిన గీత మాలో ఎవరూ గీయలేదు.

డిగ్రీ అయ్యాక విదేశంలో బొమ్మల చదువు చదువుతానంటే, పులికాట్‌లో చేపలు పట్టేవాడి కూతురికి ఇదేం కోరికని అందరూ నవ్వారు. మాస్టారు నవ్వలేదు. నెల రోజులు వెతికి, జర్మనీలో ఒక కాలేజీ పట్టుకున్నారు.

"ఫీజు లేదమ్మే. తిండి ఖర్చు చూసుకుంటే చాలు. ఇరవై బొమ్మలు చూసి సీటిస్తారంట."

మా నాన్ననే ఇరవై రకాలుగా గీశాను. పంపేముందు ఒకసారి చూస్తానని మాస్టారు తీసుకుని, ఆఖరి రోజున తిరిగిచ్చారు. నాన్న వంగిన వీపు ఇరవై బొమ్మల్లోనూ తిన్నగా అయిపోయింది. మళ్లీ గీసే వ్యవధి లేక అలాగే పంపాను.

ఇవి ఇద్దరు వేసిన బొమ్మలు, తీసుకోలేమని జవాబొచ్చింది.

అది ఆయనకు చదివి వినిపించాను. అయ్యో అంటారనుకున్నాను. ఆయన కళ్లజోడు సర్దుకుని ఆశగా అడిగారు.

"ఇద్దర్లో ఎవురిది బాగుండాదన్నారు?"

జవాబులో ఆ సంగతే లేదు.

"నాదే సార్. రెండోవాళ్ల గీతల్లో ప్రాణం లేదన్నారు."

ఆయన బొటనవేలిని పిడికిట్లో ముడుచుకున్నారు.

ఇప్పుడు మాస్టారు ఏ పిల్లల బొమ్మనూ ముట్టుకోవడం లేదనీ, వేలు తెల్లబడిందనీ అదే బడిలో చదివే మా చెల్లెలు చెప్పింది. నేను చెప్పింది అబద్ధమని ఆయనకు తెలియదు. చెప్పను.