అత్తకు పడిన మూడు గుక్కలు

నేను కాపురానికి వెళ్లింది కొనకనమిట్ల పక్కనున్న మెట్ట ఊరికి. వాన మొహం చాటేస్తే జొన్నలకే కరువు. అయినా మా అత్త బర్రె లేకుండా ఒక్క ఏడాదీ గడపలేదు.

పొద్దున పితికిన పాలు కుండలో పోసి పిడకల దాలి మీద పెడితే, మధ్యాహ్నానికి ఎర్రగా కాగి, పైన రొట్టెలాంటి మీగడ కట్టేవి. ఆ కమ్మటి వాసన తలుచుకుంటే ఇప్పటికీ నోట్లో నీళ్లూరతాయి. అత్త పెద్ద గ్లాసు నిండా పోసుకుని అరుగు మీద కూర్చునేది. అవి అయ్యేదాకా ఎవరు పలకరించినా పలికేది కాదు.

గంట తిరిగేసరికి కడుపుబ్బరం. తర్వాత చెంబు పట్టుకుని రెండు మూడుసార్లు చేలోకి పరుగు. "వంకాయ పడలేదు" అనేది. ఇంకోనాడు "ఉలవచారు వేడి చేసింది" అనేది. పాలను మాత్రం ఒక్కమాట అనేది కాదు.

ఒక ఎండాకాలం లేచి నిలబడలేనంత నీరసపడింది. బండి కట్టించి మార్కాపురం ఆసుపత్రికి తీసుకెళ్లాము. డాక్టరు మద్రాసు వైపునుంచి బదిలీ మీద వచ్చినాయన. ఏమేం తింటుందని వచ్చీరాని తెలుగులో అడిగితే, నేను పాల సంగతి చెప్పేశాను.

"పాలు ఆపండమ్మా. మజ్జిగ తాగండి" అన్నాడాయన.

తిరుగు దారిలో అత్త నా మీద విరుచుకుపడింది. "నువ్వెందుకు చెప్పినావు? పసిబిడ్డను సాకేవి పాలు గదా, నన్ను చెడగొడతాయా?"

"నీ కడుపు కోసమే చెప్పినా అత్తా" అన్నాను.

కోపమొచ్చినా డాక్టరు మాట దాటలేదు. నెల తిరిగేసరికి కడుపు కుదుటపడింది, బుగ్గలకు కండ పట్టింది. మనిషి మాత్రం దిగాలుపడిపోయింది. ఒక మధ్యాహ్నం కుండ మీద మూత తీసి, కాసేపు చూసి, మళ్లీ పెట్టేయడం నా కంటపడింది. నా ప్రాణం ఉసూరుమంది.

"అత్తా, అన్నం తిన్నాక రెండు గుక్కలు తాగి చూడు" అన్నాను.

భయంభయంగా తాగింది. సాయంత్రం దాకా ఇద్దరం ఆమె కడుపు వైపే చెవి పెట్టుకుని ఉన్నాము. ఏమీ కాలేదు. రెండురోజులాగి మూడు గుక్కలు తాగింది. అవీ అరిగాయి. నాలుగో గుక్కకు కడుపు గుడగుడలాడింది.

"మూడు పడతాయి, నాలుగు పడవు. ఆ డాక్టరుకేం తెలుసు, నా కడుపు నాకు చెప్పింది" అని నవ్వింది. నేనా ఇంట్లో అడుగుపెట్టాక ఆమె అంత పెద్దగా నవ్వడం అదే మొదటిసారి.

ఆ తర్వాత బతికినన్నాళ్లూ ఆమెకు రోజుకు మూడు గుక్కలే. ఒక్కోటి నోట్లో నిలిపి, కళ్లు మూసుకుని మింగేది. మీగడంతా నా గిన్నెలో వేసి, "తిను, బిడ్డతల్లివి" అనేది. ఇంటికి చుట్టాలొస్తే మాత్రం గ్లాసు చేతిలో పెట్టేముందు, "పాలు నీ కడుపుకు పడతాయా, నాయనా?" అని అడిగేది. ఆ ప్రశ్నకు వాళ్లు తెల్లబోయి నా వైపు చూసేవారు.