తెర మీద చారలు

ఆ సాయంత్రం ఫొటో స్టూడియో మూసేముందు మాస్టారు కంప్యూటర్ తెరను ఎప్పటిలాగే చొక్కా అంచుతో తుడిచి ఇంటికి వెళ్లారు. మరునాడు నిద్ర లేవలేదు. ఫొటోల్లో మొహాల మీది మచ్చలు తీయడం ఆయన పని. ఒక్కో మచ్చ పోయేదాకా ఊపిరి బిగబట్టేవారు. చివరి నెలల్లో ఉన్నట్టుండి తెరంతా ఆకుపచ్చ చారలు పడి, సాఫ్ట్‌వేర్ దానంతటదే మూసుకుపోయేది. ఓసారి పెళ్లివాళ్ల ఎదుటే అలా జరిగింది. "పెళ్లికూతురికి పసరు పూశారేంటి మాస్టారూ!" అని వాళ్లు పగలబడి నవ్వారు. కౌంటర్లో ఉన్న కూతురికి తల కొట్టేసినట్టయింది. "ఏదో ఒకటి నొక్కేస్తావు నాన్నా! చేతకాకపోతే నన్ను పిలవొచ్చుగా," అంది అందరి ముందూ. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "అవునమ్మా, వేలు జారింది," అని తల వంచుకుని, పోయిన పనంతా మళ్లీ మొదలుపెట్టారు.

ఆయన పోయాక కూతురు ఆ కుర్చీలో కూర్చుంది. ఏమీ నొక్కకుండానే చారలు పడ్డాయి. రిపేరు చేసే అతను వచ్చి చూసి, "మీరు వేసిన ఈ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ ఈ పాత గ్రాఫిక్స్ కార్డుకి పడట్లేదమ్మా. చారలు మొదలైనప్పుడే మాస్టారికి చెప్పా, మళ్లీ పాత వెర్షనే వేసేస్తానన్నా," అన్నాడు.

"మరి?"

"మా అమ్మాయి ముచ్చటపడి వేసింది, ఉండనీ అన్నారు. దాని వల్లేనని మాత్రం చెప్పకు, చిన్నబుచ్చుకుంటుంది అన్నారు."