అందరికీ కనపడ్డాదా?

ఎస్తేరప్ప ప్రభువు సన్నిధికి చేరారన్న వార్త బ్యాంకు కౌంటర్లో ఉండగా విన్నాను. ఫోను చేసింది మా బావ అప్పలనాయుడు. "అప్ప పోనాది బావా" అన్నాడు, అంతే. నిశ్చేష్టుడినయ్యాను. దుఃఖం కంటే ముందు సిగ్గు ముంచుకొచ్చిందని రాయడానికి చెయ్యి రావడం లేదు, కానీ జరిగింది అదే. ఆమె సంస్మరణ నన్నే రాయమని మిత్రులు పట్టుబట్టారు. ఆ అర్హత నాకెంత ఉందో చదివాక మీరే చెప్పండి.

ఒక మిషన్ ఆసుపత్రిలో నర్సుగా జీవితమంతా ధారపోసి, మా వైపు మాటలో అందరికీ అప్ప, అంటే అక్క, అయిన ఆ కరుణామూర్తికి రిటైరయ్యాక పట్టుకున్న వ్యసనం పక్షులు. శరదృతువు ప్రవేశించగానే ఎక్కడెక్కడి ఉత్తర దేశాల నుంచో ఉల్లంకి పిట్టలు మా తీరానికి దిగుతాయి. ప్రతి శనివారం తెల్లవారేసరికి, వంశధార సముద్రంలో కలిసే ఇసుక తిన్నెల మీదికి నన్నూ బావనూ మరికొందరు మిత్రులనూ తోలుకుపోయేవారు. శనివారం పిట్టలకు, ఆదివారం చర్చికి. దేనికి ఆలస్యమైనా ఒకటే తిట్లు.

ఒకసారి ఒక కొత్త కుర్రాడు సెల్‌ఫోన్లో పిట్టకూత పెట్టి పిట్టల్ని రప్పించబోయాడు. అప్ప వాడి మీద విరుచుకుపడ్డారు. "ఒరే, అంత దూరం ఎగిరొచ్చినాది నీ ఫోను పాట ఇనడానికేట్రా?" వాడు ఫోను జేబులో పెట్టేశాడు. తర్వాత అప్ప తన ఫ్లాస్కులోని టీ మొదట వాడికే పోశారు.

ఆమె గుంపులో శాసనం ఒక్కటే. పిట్టను ముందు చూసినవాడు పేరు పైకి అనకూడదు, వేలితో చోటు చూపించాలి. ఆఖరి మనిషికి కూడా కనిపించాక అప్ప "అందరికీ కనపడ్డాదా?" అని అడుగుతారు. అందరూ ఆఁ అన్నాకే పేరు, ఆ తర్వాతే ముందుకు అడుగు. ఆ ఆఖరి మనిషిని ఎప్పుడూ నేనే.

మొదటి రోజు, నలుగురినీ నిలబెట్టడం ఇష్టంలేక, కనిపించిందని బొంకాను. "ముక్కు ఏటి రంగు?" అన్నారు. ఎరుపన్నాను. నలుపట! అందరూ గొల్లున నవ్వారు, అప్ప నవ్వలేదు. "సూడ్లేదని సెప్పడానికి సిగ్గెందుకు తమ్ముడూ? అందరం కూకుందాం, నీకు కనపడ్డాకే ఎల్దాం" అని తానే ముందు ఇసుకలో కూర్చున్నారు. నాకు కనిపించేదాకా ఎవరినీ కదలనివ్వలేదు.

ఇక ఆమె మాతో వచ్చిన ఆఖరి ఉదయం. ముక్కు కొడవలిలా వంగిన పెద్ద ఉల్లంకి కోసం అప్ప ఏటేటా ఎదురుచూసేవారు. "ఈయేడు వస్తాది సూడండి" అనేవారు. ఆ రోజు వచ్చింది. ఏటి ఒడ్డు బురదలో దర్జాగా నిలబడి ఉంటే బావ వేలు చూపించాడు. నా కళ్లకే కనిపించిందంటే ఇంకేం చెప్పను! అప్ప బైనాక్యులర్ ఎత్తారు. పిట్ట ఎడమవైపు బురదలో ఉంటే, ఆమె చూస్తున్నది ఎదురుగా కెరటాలను.

"మీకు కనపడ్డాదా అప్పా?" అని బావ అడిగాడు.

అప్ప బైనాక్యులర్ దించారు. "ఆఁ, కనపడ్డాది. పదండి, ఎండెక్కతన్నాది."

ఆమె పక్కనే ఉన్నాను. అటు కాదప్పా, ఎడం పక్క అంటే సరిపోయేది. అనలేదు. నలుగురిలో ఆమెను చిన్నబుచ్చడమెందుకని ఊరుకున్నానని ఇన్నాళ్లూ సర్దిచెప్పుకున్నాను. అది సగమే నిజం. ఆలస్యమైతే దారిలోని హోటల్లో ఇడ్లీలు అయిపోతాయని కూడా అనుకున్నాను. ఛీ, ఏం బతుకు!

తిరుగుదారిలో, బండిలో, అప్ప నాకొక్కడికే వినపడేలా అడిగారు. "తమ్ముడూ, ముక్కు నిజంగా అంత పొడుగున్నాదా?"

"ఉందప్పా" అన్నాను. బండి వెనక్కి తిప్పించలేదు. ఆ తర్వాత ఆమె మంచం దిగలేదు.

సమాధి కార్యక్రమం అయ్యాక వచ్చిన శనివారం, ఆమె లేకుండానే వెళ్లాం. ఏదో పిట్ట వాలింది. బావ వేలు చూపించి, "అందరికీ కనపడ్డాదా?" అన్నాడు. నాకు స్పష్టంగా కనిపిస్తూనే ఉంది.

"నాకు కనపడలేదు" అన్నాను.

ఎవరూ విసుక్కోలేదు. అందరూ ఇసుకలో కూర్చున్నారు. ఆ ఆఖరి ఉదయం అప్ప కోసం అడగాల్సిన ఆ కాస్త సమయాన్ని, అంతా అయిపోయాక, నా పేరున అడిగాను. ఆ మహనీయురాలికి నేను సమర్పించగలిగిన నివాళి ఇంతే, అదీ ఒక అబద్ధంతో. పిట్ట ఎగిరిపోయేదాకా కూర్చున్నాం. ముక్కు ఏటి రంగని అడిగి నన్ను పట్టుకునే మనిషి అక్కడ లేరు.