వక్త పెనియమిన మౌనం

తెల్లారగానే పెనియమిన రోడ్డు పక్కన నిలబడి, పట్నం వెళ్లే బస్సులోని పెద్దలకు పేరుపేరునా, బిరుదులతో సహా నమస్కారం చెప్పేవాడు. సవాయీ దీవిలోని ఆ ఊరి తరఫున సభల్లో మాట్లాడే పెద్ద వక్త ఆయనే. ఆ నమస్కారాలు పూర్తయ్యేదాకా బస్సు కదలకూడదు. డ్రైవరు ఇంజను ఆపేసి తీరిగ్గా రొట్టె నమిలేవాడు.

"ఆరు రోజుల్లో దేవుడు లోకమంతా చేశాడు. అదే మా ఆయనైతే ఇంకా మొదటిరోజు ఉపన్యాసంలోనే ఉండేవాడు," అని నవ్వేది భార్య సినతలా.

అలాంటి మనిషికి ఒకనాడు తల పగిలే నొప్పి వచ్చి, చూపు మసకబారింది. మెదడు అడుగున శనగగింజంత ఉండే పీయూష గ్రంథిలో నెత్తురు చిమ్మిందన్నారు. విమానంలో ఆక్లండ్ ఆసుపత్రికి తీసుకెళ్లి ముక్కులోంచి ఆపరేషన్ చేశారు. చూపు తిరిగొచ్చింది. సినతలా దేవుడికి మొక్కుకుంది.

వారం గడిచాక రోపటి ఆ ఆసుపత్రికే చూడ్డానికి వచ్చాడు. ఊరికి రెండో వక్త అతను. వాదనల్లో ఏళ్లుగా పెనియమిన చేతిలో ఓడుతున్నవాడు. వెంట బంధువులు. పడక పక్కన నిలబడి పద్ధతి ప్రకారం పరామర్శ ప్రసంగం చేశాడు. పెనియమిన బదులివ్వలేదు. పెద్ద వక్తలు జవాబుకు ముందు కాసేపు మౌనం పాటిస్తారు గనుక అందరూ తలలు వంచి భక్తిగా ఎదురుచూశారు.

"ఎంత లోతుగా ఆలోచిస్తున్నాడో అన్న!" గొణిగాడు రోపటి.

సినతలా భర్త ముఖంలోకి చూసింది. "ఆలోచనా, నీ మొహమా! మా పెళ్లిలో పాస్టరుగారి మాటకే అడ్డుపడ్డ మనిషయ్యా ఈయన. నర్సమ్మా, పరుగున రా తల్లీ!"

చిందిన నెత్తురు తగిలి మెదడులోని రక్తనాళాలు బిగుసుకుపోయాయనీ, ఇలా జరగడం బహు అరుదనీ డాక్టరు చెప్పాడు. మెదడుకు రక్తం అందాలంటే బీపీ పెంచాలన్నాడు. ఆ బీపీ తగ్గాలనే ఊళ్లో చర్చి ఆడవాళ్లు ఇన్నాళ్లూ ఆయన కంచంలో ఉప్పు పడనివ్వలేదు. నవ్వాలో ఏడవాలో సినతలాకి తెలియలేదు. పలకలేని ఆ మనిషిని పక్కకు తిప్పే ప్రతిసారీ నర్సు మాత్రం "తిప్పనా అయ్యా?" అని అడిగేది.

ప్రాణం దక్కింది. ఇంటికొచ్చాక మాట ఒక్కొక్కటే, తడుముకుంటూ వచ్చేది. పొద్దున్నే రోడ్డు పక్కకు చేరి "నమ... స్కారం" అనేవాడు, అంతే. అయినా డ్రైవరు ఇంజను ఆపేవాడు.

కొత్త చర్చి ప్రతిష్ఠ దగ్గరపడింది. ఆనాడు ఊరి తరఫున ఎవరు మాట్లాడాలో వక్తలు జనం ముందే వాదించుకుని తేల్చుకోవడం ఆచారం. ఈసారి ఎవరూ నోరెత్తకుండా పెనియమినకే వదిలెయ్యాలని ఊరంతా దయగా అనుకున్నారు. ఆ సంగతి ఆయన చెవిన పడింది. రోపటిని పిలిపించాడు.

సినతలా ఇద్దరికీ కోకో పోసింది. రోపటి మర్యాదగా కళ్లు దించుకున్నాడు.

"తమ్ముడూ," అన్నాడు పెనియమిన. తరువాతి మాట కోసం చాలాసేపు వెతికాడు. సినతలా అందించబోయి ఆగిపోయింది. "ఆ రోజు... జాలిపడి... వదిలెయ్యకు. వాదించు. గట్టిగా. నన్ను... ఓడించి... నువ్వే మాట్లాడు."